పళ్ల మధ్య ముడి

విమానం ఎంత కిందికి దిగితే బాంబు గురి అంత తేలిక అనుకునేవాళ్లను నేను చాలామందిని చూశాను. పబ్బుల్లో మరీ ఎక్కువ. "చర్చి శిఖరం ఎత్తున ఎగురుతూ కూడా తగలకపోతే ఎలాగయ్యా?" అంటారు, గ్లాసు చేతిలో పట్టుకుని. వాళ్లతో నేను వాదించను. పరుగెత్తే గుర్రం మీద కూర్చుని దారి పక్కనున్న బకెట్లో గులకరాయి వేసి రమ్మంటాను. వేసి వచ్చాక మాట్లాడుకుందాం అంటాను. ఇంతవరకూ ఎవరూ వెళ్లలేదు.

పైన ఎగురుతున్నప్పుడు తీరిక ఉంటుంది. లక్ష్యం నింపాదిగా దగ్గరికొస్తుంది. గాలి ఎటు వీస్తోంది, మన వేగం ఎంత అన్నీ లెక్కగట్టుకునే గొప్ప గురి యంత్రం ఒకటి ముందుంటుంది. నూటయాభై అడుగులకు దిగామా, ఆ యంత్రం ఒట్టి ఇనపసామాను. అదిగో అనేలోపే లక్ష్యం కడుపు కింద నుంచి జారిపోతుంది. మీట నొక్కడం అరసెకను ఆలస్యమైతే బాంబు యాభై గజాలు అవతల పడుతుంది.

1943 వసంతంలో, యుద్ధం నడుస్తుండగా, ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్‌లో మా బాంబర్ స్క్వాడ్రన్ చేత సరిగ్గా ఈ పనే చేయించారు. ఎందుకో చెప్పలేదు. సముద్రపొడ్డు ఇసుకలో రెండు తెల్ల స్తంభాలు పాతించి, నీళ్ల మీదుగా వచ్చి వాటి మధ్య బాంబు వెయ్యమన్నారు, అంతే. అవి దేనికి గుర్తో అని మేం పందేలు కాశాం. వంతెన అన్నాడొకడు, ఓడ తెరచాపకొయ్యలన్నాడు ఇంకొకడు.

నేను ఆ బాంబులు వేసేవాణ్ణి. పేరు క్లెమ్ డ్రూరీ, ఊరు గ్రిమ్స్‌బీ. లాంకాస్టర్ బాంబర్ విమానం ముక్కులో అద్దం వెనక బోర్లా పడుకుని, ఎదురొచ్చే ప్రపంచాన్ని అందరికంటే ముందు చూసేవాణ్ణి. మా పైలట్ రాస్ టల్లాక్ న్యూజీలాండ్‌లో గొర్రెలు కాసినవాడు. మాట పొదుపు. హోదాలు ఏవైనా విమానంలో అతన్ని అందరం స్కిప్పర్ అనే పిలిచేవాళ్లం. నావిగేటర్ లోర్న్ హాస్కెట్ కెనడావాడు, లెక్క దొరికితే అన్నం అక్కర్లేదు. తోకలో కూర్చునే గన్నర్ ఇద్రిస్ ప్యూ వేల్స్ నుంచి వచ్చాడు. స్కిప్పర్ పొదుపు చేసిన మాటలన్నీ వాడు ఖర్చుపెట్టేవాడు. ఇంకో ముగ్గురితో కలిపి మొత్తం ఏడుగురం.

ఆ ఎత్తుకు కావలసిన గురి సాధనం ఇదీ అని మా బాంబింగ్ అధికారి మార్చ్‌బ్యాంక్స్ ఒకరోజు తలా ఒక ప్లైవుడ్ ముక్క పంచిపెట్టాడు. ఇటు చివర కన్నం, అటు చివర రెండు కొమ్మలు, కొమ్మల మీద రెండు మేకులు.

"ఇదేంటి సార్, టోపీలు తగిలించుకోడానికా?" అన్నాడు ఇద్రిస్.

నవ్వాం గానీ అందులో చక్కటి తెలివుంది. దగ్గరికి వెళ్తున్నకొద్దీ ఆ రెండు స్తంభాలు ఎడంగా జరుగుతున్నట్టు కనిపిస్తాయి. కన్నంలోంచి చూస్తూ ఉండాలి. రెండు మేకులూ రెండు స్తంభాల మీద సరిగ్గా కూర్చున్న క్షణాన మనం ఉండాల్సిన దూరంలో ఉన్నట్టు. మీట నొక్కెయ్యడమే. గాలి, బరువు, ఉష్ణోగ్రత ఏవీ అక్కర్లేదు. ఇంత సులువైనదాన్ని ఇన్నాళ్లూ ఎవరూ ఎందుకు చెప్పలేదా అని నాకు కోపం కూడా వచ్చింది.

విమానం ఎక్కాక తెలిసింది. ఆ ఎత్తులో గాలి గతుకుల రోడ్డు. ఒక చేత్తో ప్లైవుడ్, ఒక చేత్తో మీట, ఒళ్లు ఆనించుకోడానికి మూడో చెయ్యి లేదు. మేకులు స్తంభాల మీద తప్ప అన్నిచోట్లా కూర్చునేవి. కన్నం వచ్చి కంట్లో గుచ్చుకునేది. నా బాంబుల్లో ఒకటి ఇసుకలో ఎండ కాచుకుంటున్న సీల్ జంతువుల గుంపును సముద్రంలోకి తరిమింది.

మార్చ్‌బ్యాంక్స్ మమ్మల్ని వరసగా నిలబెట్టి చెప్పాడు. "వచ్చే శనివారం పరీక్ష. ఆరు బాంబులు. సగటు పాతిక గజాల్లోపు ఉండాలి. లేనివాడి స్థానంలో ఇంకొకడు ఎక్కుతాడు."

ఆ ఇంకొకడు నా పక్కనే ఉన్నాడు. పేరు డెన్నిస్ ఆక్లీ, లీడ్స్ కుర్రాడు. అదనపు మనిషిగా వచ్చి, ఖాళీ కోసం ఎదురుచూస్తున్నాడు. ఇరవై ఒకటో పుట్టినరోజుకు వాళ్ల నాన్న కానుకగా పళ్లన్నీ పీకించి కట్టుడుపళ్లు పెట్టించాడు. జన్మంతా పంటి డాక్టరు ఖర్చు తప్పుతుందని మా వైపు చాలా ఇళ్లలో చేసేదే. ఆ పళ్లు తళతళలాడుతుంటే వాడు నవ్వినప్పుడల్లా కళ్లు అటే పోయేవి.

"తప్పుగా అనుకోకు క్లెమ్," అన్నాడు ఆ సాయంత్రం. "నీ చోటు పోతే అది నాకే. నీకు పోవాలని నేనేం కోరుకోవట్లేదు."

"అస్సలు కోరుకోవట్లేదా?"

"కొంచెం కోరుకుంటున్నా. ఒట్టు, కొంచెమే."

వాడి మీద కోపం రాలేదు. భయం మాత్రం వేసింది. మేం ఏడుగురం కలిసి జర్మనీ మీదికి వెళ్లి ప్రతిసారీ తిరిగొచ్చాం. ఒకణ్ణి దింపేసి కొత్తవాణ్ణి ఎక్కించుకున్న విమానాలు ఏమయ్యాయో స్క్వాడ్రన్‌లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. మా వాళ్లు నేను లేకుండా వెళ్లడం, నేను నేల మీద నిలబడి తిరిగొచ్చే విమానాల్ని లెక్కపెట్టుకోవడం నాకు పదేపదే కళ్లకు కట్టేది.

ఆడలేక మద్దెల ఓడు అంటారు గానీ ఇక్కడ మద్దెల నిజంగానే ఓడు. అందుకని మద్దెల మార్చాను. మా అమ్మ గ్రిమ్స్‌బీలో పెరట్లో కూర్చుని చేపల వలలు అల్లేది. ఆ ఇంట్లో పెరిగినవాడి జేబులో దారం లేకుండా ఉండదు. రెండు కొనలూ అద్దానికి అటొకటి ఇటొకటి ఉన్న మరలకు కట్టాను. మధ్యలో ముడి వేసి, ఆ ముడిని పళ్ల మధ్య కరిచిపట్టి తల వెనక్కి లాగాను. దారం బిగిసింది. ఇక విమానం ఎంత ఎగిరిపడినా నా కన్ను అద్దానికి ఎప్పుడూ ఒకే దూరం. మేకులకు బదులు అద్దం మీదే మైనపు పెన్సిల్‌తో రెండు గీతలు గీశాను. రెండు చేతులూ ఖాళీ.

ఒకటే ఇబ్బంది. ఎడమకు, కుడికి అని పైలట్‌కు దారి చెప్పాల్సింది నేను. నోట్లో ముడి పెట్టుకుని ఏం చెప్తాను? ఒక మూలుగుకు ఎడమ, రెండు మూలుగులకు కుడి అని ఒప్పందం చేసుకున్నాం.

"మా ఊళ్లో ఆవు ఈనేటప్పుడు కూడా ఇంత మూలగదురా," అన్నాడు ఇద్రిస్ తోకలోంచి.

"మూలగనీ. దారి బానే తెలుస్తోంది," అన్నాడు స్కిప్పర్.

సాధనకని ఇచ్చిన చిట్టి పొగబాంబుల్లో మొదటిది రెండు స్తంభాల మధ్య బొట్టు పెట్టినట్టు పడింది. ఇద్రిస్ వేల్ష్ భాషలో ఏదో అరిచాడు. రెండోది కాస్త అవతల. మూడోది ఇంకాస్త. ఆరోది వెళ్లి ఇసుక దిబ్బల్లో పడింది.

మర్నాడూ అంతే. మొదటిది బంగారం, చివరిది దిబ్బల పాలు. ఆ మర్నాడూ అంతే. ఎప్పుడూ ఇవతల పడదు, ఎప్పుడూ అవతలే, ఒకదాన్ని మించి ఒకటి. నాకు ఓడిపోతున్న బాధ ఒకవైపు, అసలు ఇదెలా జరుగుతోందన్న దురద ఒకవైపు. నిజం చెప్పాలంటే దురదే ఎక్కువ.

అందరూ నేరం తమ మీద వేసుకున్నారు. బాంబు పడినప్పుడల్లా బరువు తగ్గి విమానం వేగం పెరుగుతోందేమో అన్నాడు స్కిప్పర్. ఈ చిట్టి బాంబుల బరువుకు అంత తేడా రాదని హాస్కెట్ రెండు పేజీల లెక్క చేసి చూపించాడు. సముద్రం పోటు పెరిగి నీటిమట్టం మారుతోందా అని చూశాం. కాదు. ఇద్రిస్ తన అదృష్టపు మేజోడు ఉతికించడమే కారణమని తేల్చాడు.

"ఉతక్కపోతే నీ వాసనకి జర్మన్లు ముందే పట్టేస్తార్రా," అన్నాను.

మార్చ్‌బ్యాంక్స్ మాత్రం నన్ను గదిలోకి పిలిచి తలుపేశాడు.

"మొదటిది బాగా వేస్తున్నావు. అంటే పని తెలుసు. ఆ తర్వాత ఒక్కోసారీ చెయ్యి ఇంకాస్త ఆలస్యమవుతోంది. దీన్ని ఏమంటారో నీకు తెలుసనుకుంటా, డ్రూరీ."

"చెప్పండి సార్."

"నరాలు పట్టు తప్పడం. సిగ్గుపడాల్సిందేం లేదు. చాలా దాడులకు వెళ్లొచ్చావు. శనివారం ఆక్లీని సిద్ధంగా ఉండమన్నాను."

సిగ్గుపడాల్సిందేం లేదు అన్నప్పుడే మనిషికి సిగ్గు పుడుతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు. బయటికొచ్చి రెండు చేతులూ చాపి చూసుకున్నాను. వణకడం లేదు. ఆ తర్వాత వణుకుతున్నట్టే అనిపించింది.

గురువారం మధ్యాహ్నం వర్షం పట్టుకుంది. ఎగరడం లేదు. మెకానిక్కులకు బ్యారక్ గదులు చాలక కొందరు గుడారాల్లో ఉండేవాళ్లు. కిటికీలోంచి చూస్తుంటే వాళ్లలో ఒకడు వానలో తడుస్తూ, బూతులు తిడుతూ, గుడారం చుట్టూ తిరిగి తాళ్లన్నీ వదులు చేస్తున్నాడు. పక్క గుడారంవాళ్లు బద్ధకించి లోపలే పడుకున్నట్టున్నారు. చూస్తుండగానే వాళ్ల తాళ్లు బిగిసి బిగిసి, ఒక మేకు నేలలోంచి ఊడొచ్చి, గుడారం మొత్తం వాళ్ల మీద కూలింది. గుడ్డ కింద కాళ్లూ చేతులూ కొట్టుకుంటుంటే నేనూ ఆక్లీ కడుపు పట్టుకుని నవ్వాం.

నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాను.

"ఏమైంది?" అన్నాడు ఆక్లీ.

"తడిస్తే తాడు పొట్టిదవుతుంది."

"అవుతుంది. మా అమ్మ బట్టలారేసే తాడు కూడా అంతే. అయితే ఏంటి?"

పిల్లాణ్ణి చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. వలల మధ్య పుట్టి, దారం తడిస్తే ఏమవుతుందో వానలో కూలిన గుడారాన్ని చూసి గుర్తుతెచ్చుకోవాల్సొచ్చింది. పరుగెత్తుకెళ్లి హాస్కెట్ దగ్గర కొలబద్ద లాక్కున్నాను. జేబులోని దారం కొలిచాను. స్కిప్పర్ టీ మగ్గులో ముంచి తీసి మళ్లీ కొలిచాను. వేలెడు తగ్గింది.

"అది నా టీ," అన్నాడు స్కిప్పర్.

"విమానంలో అది దేంతో తడుస్తోంది?" అని హాస్కెట్ అప్పుడే పెన్సిల్ తీశాడు. "అతుకుల్లోంచి తుంపర వస్తుంది, సరే. కానీ నువ్వు చెప్పేంత తడి..."

జవాబుగా నేను ముడిని పళ్ల మధ్య పెట్టుకుని, తల వెనక్కి లాగి, నోరు తెరుచుకుని కాసేపు అలాగే కూర్చున్నాను. దారం వెంట తడి మెల్లగా పాకడం అందరూ చూశారు.

ఇద్రిస్‌కు ముందుగా వెలిగింది. "చొంగ! ఒరేయ్, చొంగరా! బ్రిటన్ దేశపు రహస్య ఆయుధం నీ చొంగవల్ల దారి తప్పుతోందిరా!"

హాస్కెట్ లెక్క వేసేశాడు. దారం పొట్టిదైతే కన్ను అద్దానికి దగ్గరవుతుంది. గీతలు ఎడంగా కనిపిస్తాయి. స్తంభాలు ఆ గీతల్ని చేరాలంటే విమానం ఇంకా ముందుకు పోవాలి. బాంబు అవతల పడుతుంది. వేలెడు దారానికి ఎన్ని గజాలో తేలిన అంకె మా దిబ్బల్లోని బాంబు దగ్గరికి వెళ్లి ఆగింది. నా చేతులు వణకడం లేదు. నాకు ఏడుపొచ్చినంత పనయింది, టీ తాగుతున్నట్టు మగ్గు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

"మైనం రాయి. తడి పట్టదు," అన్నాడు హాస్కెట్.

"మైనం పళ్ల కింద జారుతుంది."

"తీగ వాడు."

"తీగ కొరికి నా పళ్లూ ఆక్లీ పళ్లలా అవ్వాలా?"

"మరి తడవకుండా ఎలా ఆపుతావు?"

"ఆపను," అన్నాను. "ముందే తడిపేస్తాను. ఎంత పొట్టిదవ్వాలో అంతా అయ్యాక ఇక తగ్గడానికేం ఉండదు. తడి దారానికి తగ్గట్టు గీతలు గీసుకుందాం. ఎండకుండా చూసుకుంటే చాలు."

"ఎలా చూసుకుంటావ్?"

"నోట్లో పెట్టుకునే ఎక్కుతాను."

శుక్రవారమూ వర్షం వదల్లేదు. కొత్త గీతలు ఒక్కసారైనా గాల్లో సరిచూసుకునే వీలు లేకుండానే శనివారం వచ్చింది. అప్పటిదాకా నాకు గ్యారంటీగా పడేది మొదటి బాంబు ఒక్కటే. ఇప్పుడు దానికీ గ్యారంటీ లేదు. హాస్కెట్ లెక్క తప్పితే ఆరుకు ఆరూ దిబ్బల్లోనే.

పరీక్షకు మార్చ్‌బ్యాంక్స్ స్వయంగా మా విమానం ఎక్కి నా వెనకే వంగి కూర్చున్నాడు. ఆక్లీ పారాచూట్ తగిలించుకుని నేల మీద నిలబడ్డాడు. నా బుగ్గ ఉబ్బి ఉండడం మార్చ్‌బ్యాంక్స్ చూశాడు.

"నోట్లో ఏంటది?"

"మ్మ్," అన్నాను.

"గురి యంత్రం సార్," అన్నాడు స్కిప్పర్ మైకులో. "నానబెడుతున్నాడు."

నీళ్ల మీదికి దిగాం. నోట్లోంచి దారం తీసి, కొనలు మరలకు బిగించి, ముడి కరిచాను. టీ రుచి ఇంకా ఉంది. ఒక మూలుగు. విమానం ఎడమకు జరిగింది. స్తంభాలు గీతల వైపు జరుగుతున్నాయి. రెండు మూలుగులు. స్తంభం గీతనెక్కింది. నొక్కాను.

తోకలోంచి మాట రాలేదు. ఇద్రిస్ మౌనంగా ఉండడం మేమెవరం ఎరగం.

"ఇద్రిస్?" అన్నాడు స్కిప్పర్.

"చూస్తున్నా. పొగ తేలనీ... మధ్యలో. అమ్మతోడు, మధ్యలో!"

రెండోదీ మధ్యలోనే. మూడోది నాలుగడుగులు పక్కకి. నాలుగు, ఐదు దగ్గర దగ్గరగా. అప్పటికి నా చొంగ అద్దం దాకా కారింది, దారం మాత్రం వెంట్రుకంత కూడా మారలేదు. ఆరోది ఎడమ స్తంభాన్నే పడగొట్టింది.

"అది కూల్చమని ఎవరూ చెప్పలేదురా," అన్నాడు ఇద్రిస్.

దిగాక మార్చ్‌బ్యాంక్స్ అభినందించలేదు. నరాల మాట వెనక్కి తీసుకుంటున్నాననీ అనలేదు. "ఆ దారం ఇంకెంత ఉంది?" అని అడిగాడు. ఉండ మొత్తం ఇచ్చేశాను. ప్లైవుడ్‌తోనే బాగా కుదిరినవాళ్లు ప్లైవుడ్ ఉంచుకున్నారు. మిగతావాళ్లు నా దగ్గరికొచ్చి ఎలా కరవాలో నేర్చుకున్నారు. వాళ్లలో అధికారులు కూడా వరసగా కూర్చుని నోళ్లు తెరిచి చొంగ కార్చడం నేర్చుకుంటుంటే ఆ పాఠం చెప్పే భాగ్యం ఎందరికి దక్కుతుంది!

పక్క విమానంలో బాంబులేసేవాడికి రెండూ కుదర్లేదు. వాడి చోటు ఆక్లీకి వచ్చింది. ఆక్లీ ఆనందంతో గడ్డి మీద పిల్లిమొగ్గలు వేశాడు. ముడి కరిచి తల వెనక్కి లాగిన మొదటిసారే పైవరస పళ్లు మొత్తం ఊడొచ్చి దారానికి వేలాడాయి. ఇద్రిస్ నవ్వి నవ్వి నేల మీద పడ్డాడు. ఆక్లీ మాత్రం పళ్లు తీసి జేబులో వేసుకుని, చిగుళ్లతో కరిచి మళ్లీ లాగాడు.

"ఇదే నయం, క్లెమ్," అన్నాడు బోసినోటితో. "పళ్లయితే జారతాయి. చిగుళ్లు పట్టుకుంటే వదలవు." మర్నాటి సాధనలో వాడి సగటు నాకంటే మెరుగు. రెండు రోజులు నాకు చెప్పి చెప్పి చంపాడు.

ఆ రెండు స్తంభాలూ ఏమిటో దాడికి బయల్దేరే సాయంత్రం చెప్పారు. శత్రువుల కాలువ మీద పెద్ద లాకు తలుపులు, వాటికి అటూ ఇటూ రెండు బురుజులు. పందెం ఎవరూ గెలవలేదు. విమానాల దగ్గరికి తీసుకెళ్లే లారీ ఎక్కేముందు ఆక్లీ నా దగ్గరికొచ్చి పళ్లు రెండు వరసలూ తీసి, నా టీ మగ్గులో నీళ్లు పోసి అందులో వేశాడు.

"నా మగ్గేరా," అన్నాను.

"నా గదిలో పెడితే ఎవడో ఒకడు పారబోస్తాడు. నీ దగ్గరుండనీ. రేప్పొద్దున తిరిగొచ్చాక గుడ్లూ బేకనూ పెడతారు కదా. గుడ్లయితే మింగేస్తాను, బేకన్ మాంసం నమలాలంటే ఇవి కావాలి."

మా వంతు అయ్యాక వాడి విమానం వచ్చింది. నేను ముక్కులో ఉన్నాను కాబట్టి నాకేం కనపడలేదు. తోకలోంచి ఇద్రిస్ చూసి చెప్పాడు. "ఆక్లీది... మధ్యలో. సరిగ్గా మధ్యలోరా క్లెమ్." వెంటనే ఇంకేదో చెప్పబోయి ఆగిపోయాడు. ఇంటిదాకా ఇంకేం మాట్లాడలేదు.

పొద్దున్న మెస్సులో మా బల్ల దగ్గర ఏడు కుర్చీలూ నిండాయి. స్కిప్పర్ ఉన్నాడు, హాస్కెట్ ఉన్నాడు, ఇద్రిస్ ఉన్నాడు, నేనున్నాను. నేను కోరుకున్నది అదే. ఆక్లీవాళ్లు కూర్చునే పక్క బల్ల మీద ఏడు ప్లేట్లలో గుడ్లూ బేకనూ పెట్టి ఉన్నాయి, చల్లారిపోతున్నాయి. వడ్డించే అమ్మాయి వచ్చి టీకి మగ్గులు తెచ్చుకోమంది. అందరూ లేచారు.

నాకు ఇంకో మగ్గు ఇవ్వమని అడిగాను.